దిశను చూపిన శాస్త్రవేత్త – హిడెట్సుగు యాగీ

రేడియో విజ్ఞాన చరిత్రలో హెర్ట్జ్, జగదీశ్ చంద్ర బోసు, మార్కోనీ వంటి మహనీయుల పేర్లు మనకు సుపరిచితాలు. వారితో సమానంగా స్మరింపదగిన మరొక శాస్త్రవేత్త పేరు మాత్రం మన చెవిన పడటం అరుదు. అయితే ఆయన పేరు వినని వారు కూడా ఆయన పరికరాన్ని చూసే ఉంటారు. 1977లో హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రం ప్రారంభమైన తరువాత మన పట్టణాలలోను, క్రమంగా పల్లెలలోను ఇంటి కప్పులపై అల్యూమినియం కడ్డీల యాంటెన్నాలు వెలిశాయి. గాలివానకు యాంటెన్నా పక్కకు తిరిగితే తెర మీద బొమ్మ చెదిరిపోయేది. ఒకరు డాబా ఎక్కి గొట్టాన్ని మెల్లగా తిప్పుతుంటే, మరొకరు కింద నిలబడి బొమ్మ కుదిరిందో లేదో కేక వేసి చెప్పేవారు. కడ్డీలు కాస్త పక్కకు తిరిగినంత మాత్రాన బొమ్మ ఎందుకు పోవాలి? ఈ ప్రశ్నకు సమాధానం జపాను దేశానికి చెందిన ఆచార్య హిడెట్సుగు యాగీ జీవితంలో ఉంది.

యాగీ 1886 జనవరి 28న ఒసాకా నగరంలో జన్మించారు. 1909లో టోక్యో ఇంపీరియల్ విశ్వవిద్యాలయంలో విద్యుత్ ఇంజనీరింగు పట్టం పొంది, సెండాయ్ నగరంలో అధ్యాపకులుగా చేరారు. 1913లో ఉన్నత విద్య కోసం జర్మనీ వెళ్ళి, డ్రెస్డెన్‌లో బార్క్‌హౌజెన్ వద్ద విద్యుత్ తరంగాలను గూర్చి అధ్యయనం చేశారు. మరుసటి సంవత్సరమే మొదటి ప్రపంచ యుద్ధం ఆరంభమైంది. జపాను, జర్మనీలు శత్రుపక్షాలు కావడంతో ఆయన జర్మనీలో ఉండలేక ఇంగ్లండు చేరుకున్నారు. అక్కడ రేడియో వాల్వును కనుగొన్న ఫ్లెమింగ్ వద్ద, అనంతరం అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయంలో పియర్స్ వద్ద పరిశోధన సాగించారు. ఆ విధంగా మూడు దేశాల విజ్ఞానాన్ని గ్రహించి 1916లో స్వదేశానికి తిరిగివచ్చారు. 1919లో సెండాయ్‌లోని తొహోకు ఇంపీరియల్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులయ్యారు.

ఆనాటి రేడియో కేంద్రాలు వందల, వేల మీటర్ల తరంగదైర్ఘ్యం గల తరంగాలను ప్రసారం చేసేవి. అవి నిప్పు నుండి వెలువడే వేడి వలె నలుదిక్కులకూ వ్యాపించేవి. అందువల్ల శక్తిలో అధికభాగం వృథా అయ్యేది. తరంగాలన్నిటినీ కూడగట్టి ఒకే దిశకు పంపగలిగితే స్వల్పశక్తితోనే దూరతీరాలను చేరవచ్చు. అయితే పొడవైన తరంగాలతో అలా చేయాలంటే యాంటెన్నా ఒక ఊరంత విశాలంగా ఉండవలసి వస్తుంది. కొద్ది మీటర్ల పొడవు మాత్రమే ఉండే హ్రస్వ తరంగాలే ఇందుకు అనువైనవని యాగీ భావించారు. ఈ పరిశోధనను ఆయన తన సహచరుడైన షింటారో ఉడాకు అప్పగించారు.

ఉడా నాలుగు మీటర్లకు పైబడిన తరంగదైర్ఘ్యంతో ప్రయోగాలు ప్రారంభించారు. తరంగాలను వెదజల్లే కడ్డీకి దగ్గరగా, ఏ తంతీ కలపని మరొక లోహపు కడ్డీని నిలిపి చూశారు. దాని పొడవును, ఎడమును కొద్దికొద్దిగా మారుస్తూ తరంగాల బలాన్ని కొలిచారు. విద్యుత్తు సరఫరా లేకపోయినా ఆ కడ్డీ ఊరకే ఉండదు. పక్కనున్న కడ్డీ నుండి శక్తిని గ్రహించి, తిరిగి తానూ తరంగాలను వెలువరిస్తుంది. దాని పొడవు తరంగదైర్ఘ్యంలో సగం కంటె కొద్దిగా ఎక్కువైతే, రెండు కడ్డీల తరంగాలు వెనుకవైపు ఒకదానినొకటి రద్దు చేసుకొని, ముందువైపు ఒకదానికొకటి బలం చేకూరుస్తాయి. అప్పుడది అద్దం వలె తరంగాలను వెనుకకు మరలిస్తుంది. పొడవు సగం కంటె కొద్దిగా తక్కువైతే తరంగాలను తనవైపు నడిపించుకొని ముందుకు సాగనంపుతుంది. మొదటి దానిని పరావర్తకమని, రెండవ దానిని నిర్దేశకమని అంటారు. వెనుక ఒక పరావర్తకం, నడుమ తంతి కలిపిన కడ్డీ, ముందు వరుసగా కొన్ని నిర్దేశకాలు – ఇదే ఆ యాంటెన్నా స్వరూపం. ఇంత సరళమైన నిర్మాణం ఇంతటి ఫలితాన్ని ఇవ్వడం విజ్ఞానశాస్త్రంలో ఒక అద్భుతం.

1926లో యాగీ, ఉడాలు ఇద్దరి పేర్లతో ఈ పరిశోధన జపానులో వెలువడింది. జపాను పేటెంటు మాత్రం యాగీ ఒక్కరి పేరనే నమోదైంది. 1928లో ఆయన అమెరికాలో పర్యటించి ఉపన్యాసాలిచ్చి, ఆంగ్లంలో ఒక వ్యాసం ప్రచురించారు. అందులో ఉడా కృషిని ఆయన పేర్కొన్నప్పటికీ, పాశ్చాత్యులు దానిని యాగీ యాంటెన్నా అనే పిలవసాగారు. విదేశీ సంస్థలు అమెరికా, బ్రిటన్ దేశాలలోని హక్కులను పొందాయి. స్వదేశంలో మాత్రం సైన్యం గాని, పరిశ్రమలు గాని ఈ ఆవిష్కరణను తగినంతగా ఆదరించలేదు.

ఆ అనాదరణకు ఫలితం యుద్ధకాలంలో కనబడింది. 1942 ఫిబ్రవరిలో జపాను సేనలు సింగపూరును ఆక్రమించినప్పుడు బ్రిటిష్ వారి రేడార్ పరికరాలు, వాటికి సంబంధించిన కొన్ని రాతలు వారికి చిక్కాయి. ఆ రాతలలో యాగీ అనే మాట పదేపదే కనిపించింది. దాని అర్థమేమిటో జపాను అధికారులకు బోధపడలేదు. చివరకు ఒక బ్రిటిష్ యుద్ధఖైదీని ప్రశ్నించగా, అది ఒక జపాను ఆచార్యుని పేరని అతడు ఆశ్చర్యంతో వెల్లడించాడని చెబుతారు. తమ ఇంట వెలిగిన దీపాన్ని తాము గుర్తించక, ఇతరుల చేతిలో చూసి తెలుసుకోవలసి రావడం ఎంతటి విషాదం! అంతకంటె ఘోరమైన విషయం మరొకటి ఉంది. 1945 ఆగస్టులో హిరోషిమా, నాగసాకి నగరాలపై ప్రయోగించిన అణుబాంబులలో నేల నుండి ఎత్తును కొలిచే రేడార్లకు అమర్చినవి కూడా యాగీ యాంటెన్నాలే. శాస్త్రవేత్త చేతి నుండి వెలువడిన వస్తువు ఏ దిశలో పయనిస్తుందో నిర్ణయించే అధికారం అతనికి ఉండదు.

అయితే ఇదే యాంటెన్నా శాంతికాలంలో మానవులను దగ్గరకు చేర్చింది. హామ్ రేడియో అని పిలిచే ఔత్సాహిక రేడియోను అభ్యసించేవారికి ఇది ప్రియమైన సాధనం. ప్రభుత్వ లైసెన్సు పొందిన ఈ ఔత్సాహికులు ధనార్జన కోసం కాక విజ్ఞానం కోసం, స్నేహం కోసం దేశదేశాల వారితో సంభాషిస్తారు. యాంటెన్నాను ఎన్నుకొనేటప్పుడు వారు మొదట తాము వాడదలచిన తరంగాన్ని నిశ్చయించుకుంటారు. 144 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యానికి తరంగదైర్ఘ్యం సుమారు 2 మీటర్లు. కనుక ఒక్కొక్క కడ్డీ దాదాపు 1 మీటరు ఉంటే చాలు. ఇటువంటి దానిని డాబాపై ఒంటి గొట్టానికి బిగించవచ్చు. ఖండాంతర సంభాషణకు అనువైన 14 మెగాహెర్ట్జ్‌కు ఒక్కొక్క కడ్డీ 10 మీటర్ల వరకు ఉండాలి. దానికి బలమైన స్తంభము, తిప్పడానికి మోటారు అవసరం. నిర్దేశకాలు పెరిగిన కొద్దీ యాంటెన్నా బలం పెరుగుతుంది గాని, దాని చూపు సన్నగిల్లుతుంది. దానితో పాటు బరువు, గాలి తాకిడి కూడా పెరుగుతాయి. అందువల్ల పెద్దదే మేలైనదని భావించరాదు.

అమర్చడంలోను వివేకం కావాలి. యాంటెన్నా నేల నుండి కనీసం తరంగదైర్ఘ్యంలో సగమంత ఎత్తున ఉండటం మంచిది. స్తంభం పొరపాటున కూలినా కరెంటు తీగలను తాకనంత దూరంలో దానిని నిలపాలి. పిడుగుల నుండి రక్షణకు భూమిలోకి ఎర్తు తీగ వేయాలి. అవతలి వారి కడ్డీలు నిలువుగా ఉంటే మనవీ నిలువుగా, అడ్డంగా ఉంటే మనవీ అడ్డంగా ఉండాలి. ఇక దిశ విషయంలో పటం కంటె గ్లోబే నమ్మదగినది. అమెరికా మనకు పడమట ఉన్నదని చాలామంది తలుస్తారు. హైదరాబాదు నుండి న్యూయార్కుకు గ్లోబు మీద దారం బిగించి చూస్తే, అతిదగ్గరి మార్గం దాదాపు ఉత్తరంగా సాగుతున్నట్లు తెలుస్తుంది.

యాగీ ప్రతిభ యాంటెన్నాకే పరిమితం కాలేదు. ఒసాకా విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర విభాగాన్ని తీర్చిదిద్దుతూ హిడెకి యుకావా అనే యువకునికి ఆశ్రయమిచ్చారు. పరిశోధన పత్రం రాయడంలో జాప్యం చేస్తున్నందుకు ఆయన యుకావాను మందలించారట. ఆ యువకుడు 1935లో ప్రకటించిన సిద్ధాంతానికే 1949లో నోబెల్ బహుమతి లభించింది. యుద్ధకాలంలో ఉన్నత పదవులు నిర్వహించిన కారణంగా యాగీ యుద్ధానంతరం కొంతకాలం ప్రభుత్వ పదవులకు దూరం కావలసి వచ్చింది. 1953లో జపాను పార్లమెంటు ఎగువ సభకు ఎన్నికయ్యారు. 1956లో ఆయనకు సంస్కృతీ పురస్కారం లభించింది. 1976 జనవరి 19న ఆయన పరమపదించారు. అదే సంవత్సరం ఆగస్టులో ఉడా కూడా కన్నుమూశారు.

నేడు శాస్త్రగ్రంథాలు ఈ యాంటెన్నాను యాగీ–ఉడా యాంటెన్నా అని వ్యవహరిస్తున్నాయి. ఆలస్యంగానైనా ఒక న్యాయం జరిగింది. దిశను ఊహించిన గురువు పేరు పక్కన, ఆ ఊహకు రూపమిచ్చిన సహచరుని పేరు నిలిచింది. తంతి కలిపిన కడ్డీ ఒక్కటే అయినా, చుట్టూ ఉన్న కడ్డీల అండ లేనిదే దాని శక్తి ఒక దిశకు మళ్ళదు. యాగీ, ఉడాల చరిత్ర మనకు తెలిపే సత్యమూ ఇదే.