సవర పిల్లల పంతులుగారు: గిడుగు వెంకట రామమూర్తి

ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొంటున్నాము. అది గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారి జన్మదినము. ఆయన వ్యావహారిక భాషోద్యమ నాయకుడని పెద్దలు చెప్పగా మీరు వినే ఉంటారు. అయితే ఆ ఉద్యమానికి మూలం పండితుల సభలలో కన్న, తెలుగు మాటే రాని సవర పిల్లల మధ్యనే ఉన్నదని నా అభిప్రాయం. ఇంట ఒక భాష, బడిలో మరొక భాషగా ఆస్ట్రేలియాలో పెరిగిన మీకు ఆయన జీవితంలో ఆ భాగమే ఎక్కువ దగ్గరగా తోచవచ్చును.

ఆయన 1863లో, శ్రీముఖలింగం సమీపాన పర్వతాలపేటలో జన్మించారు. పన్నెండేళ్ల ప్రాయంలో తండ్రి విషజ్వరంతో మరణించగా, విజయనగరంలో మేనమామగారి ఇంట ఉండి మహారాజావారి పాఠశాలలో చదువుకున్నారు. గురజాడ అప్పారావుగారు అక్కడ ఆయనకు సహాధ్యాయి. 1880లో, ఇంకా పదిహేడేళ్లు నిండకుండానో నిండగానో, పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడుగా చేరారు. నెలకు ముప్పై రూపాయల జీతము. చరిత్ర పాఠం చెప్పవలసి వచ్చినప్పుడు పుస్తకంలో ఉన్నది ఒప్పజెప్పి ఊరుకోలేదు. ముఖలింగం ఆలయాలలోని శాసనాలను చదవడానికి ప్రాచీన లిపులను స్వయంగా నేర్చుకొన్నారు.

పర్లాకిమిడి చుట్టూ ఉన్న కొండలలో సవరలు నివసిస్తారు. వారి భాష తెలుగుకు గాని, ఒడియాకు గాని చుట్టము కాదు. అది ముండా కుటుంబానికి చెందినది. అప్పటికి దానికి లిపి లేదు, పుస్తకము లేదు. బడికి వచ్చిన సవర పిల్లవాడు తనకు అర్థం కాని భాషలో, అర్థం కాని అక్షరాలు దిద్దవలసిందే. ఆ పిల్లవాడు చదువులో వెనుకబడితే మందబుద్ధి అని తేల్చివేయడం ఎవరికైనా సులభము. రామమూర్తిగారు అలా తేల్చలేదు. సవర, తెలుగు రెండూ తెలిసిన ఒక వ్యక్తిని ఇంట పెట్టుకొని తానే ఆ భాష నేర్చుకొన్నారు. ఆ భాషలో వాచకాలు వ్రాశారు. సొంత ధనంతో బడులు పెట్టి, ఉపాధ్యాయులకు జీతాలు ఇచ్చారు. ఆచారాలు కట్టుదిట్టంగా ఉన్న ఆ రోజులలో సవర విద్యార్థులను ఇంట ఉంచుకొని అన్నం పెట్టారు. మద్రాసు ప్రభుత్వం ఆ పుస్తకాలకు పారితోషికం ఇవ్వబోగా, తనకు వద్దని, ఆ సొమ్ముతో సవర భాషలో చదువు చెప్పే బడి పెట్టమని కోరారు.

కొండలలో తిరగడం వలన ఆయనకు మలేరియా సోకింది. క్వినైన్ వాడకం వలన వినికిడి దెబ్బతిన్నదని జీవితచరిత్రకారులు చెబుతారు. వైద్యురాలిగా ఇది నాకు నమ్మదగినదిగానే కనిపిస్తుంది. మోతాదు మించిన క్వినైన్ చెవులలో హోరును, చెవుడును కలిగిస్తుంది. ఒక జాతి పలుకును చెవితో పట్టి కాగితం మీద పెట్టిన మనిషికి పోయినది ఆ చెవే. అయినా పని ఆగలేదు. దాదాపు ముప్పై అయిదేళ్ల కృషి ఫలితంగా సవర వ్యాకరణం 1931లో, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో ప్రభుత్వ ముద్రణగా వెలువడ్డాయి.

తెలుగు పిల్లల సంగతి మరొక విధము. వారు ఇంట వచ్చారు, చేస్తున్నాము అని మాట్లాడుతారు. పరీక్షలో మాత్రం వచ్చిరి, చేయుచున్నాము అని వ్రాయాలి. 1907లో ఉత్తర కోస్తాకు పాఠశాలల తనిఖీ అధికారిగా వచ్చిన జె. ఏ. యేట్స్ ఈ తేడాను గమనించి ఎందుకని ప్రశ్నించారు. సవర బడులలో జవాబు కనుగొన్న రామమూర్తిగారికి ఆ ప్రశ్న కొత్తది కాదు. ఆయన, గురజాడ, యేట్స్, విశాఖపట్నంలో కళాశాల ప్రధానాధ్యాపకులైన పి. టి. శ్రీనివాస అయ్యంగారు ఏకమై బడి భాషను మార్చబూనారు. జయంతి రామయ్య పంతులుగారి వంటి సమర్థులు ఎదురు నిలిచారు. వాడుక భాషకు స్కూలు ఫైనల్ వ్యాసరచనలో దొరికిన చోటు కొద్దికాలానికే పోయింది. 1915లో గురజాడ కన్నుమూశారు.

1911లో ఉద్యోగ విరమణ చేసిన రామమూర్తిగారు ఊరూరా తిరిగి ప్రసంగించారు. 1919లో తెలుగు అనే మాసపత్రికను నడిపారు. పండితులు వ్రాసిన గ్రాంథికంలోని తప్పులనే ఏరి చూపుతూ ఒక గ్రంథం వ్రాసి, దానికి ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజం అని పేరు పెట్టారు. వైద్యులకే మందు ఇవ్వడమన్నమాట; మా వృత్తివారిని ఈ పేరు కాస్త నవ్విస్తుంది.

1936 ఏప్రిల్ 1న పర్లాకిమిడి ఒరిస్సాలో చేరింది. దానికి నిరసనగా, అర్ధశతాబ్దికి పైగా నివసించిన ఊరిని డెబ్భై రెండేళ్ల వయస్సులో విడిచి ఆయన రాజమహేంద్రవరం చేరుకొన్నారు. 1940 జనవరి 22న మద్రాసులో మరణించారు. బడి పుస్తకాలలోకి వాడుక తెలుగు పూర్తిగా వచ్చింది ఆ తరువాత కొన్ని దశాబ్దాలకు.

మనమున్న ఈ దేశంలో, ఉత్తర ప్రాంతపు ఆదిమవాసి బాలలకు వారి భాషలోనే చదువు మొదలుపెట్టే ద్విభాషా బడులు 1973లో ఆరంభమయ్యాయి. అప్పటికి రామమూర్తిగారు సవర వాచకాలు వ్రాసి అరవై ఏళ్లు దాటింది. ఆయన కుమారుడు సీతాపతిగారు కూడా సవర భాషకు ఎంతో సేవ చేశారు. తెలుగు పిల్లల కోసం పాటలు, కథలు కూర్చారు.