తరంగాలను పసిగట్టిన అధ్యాపకుడు: ఆచార్య జగదీశ చంద్ర బోసు

ఇంటింటా ట్రాన్సిస్టరు రేడియో మ్రోగిన కాలం ఒకటి ఉండేది. దాని మీట త్రిప్పి పాటలు, వార్తలు విన్నవారు కోట్లకొలది గలరు. కంటికి కనిపించని తరంగాన్ని ఆ చిన్న పెట్టె ఏ విధంగా పసిగట్టిందని ఆలోచించినవారు మాత్రం అరుదు. ఆ ప్రశ్నకు సమాధానం వెదకుతూ వెనుకకు పోతే, 1890 దశకంలో కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో పాఠాలు చెప్పిన ఒక అధ్యాపకుని వద్దకు మనం చేరుకుంటాము. ఆయనే జగదీశ చంద్ర బోసు. మొక్కల స్పందనలను పరిశోధించిన శాస్త్రజ్ఞునిగా ఆయనను అందరూ ఎరుగుదురు. ఆ కీర్తి చాటున మరుగుపడిన మరొక బోసును ఈ వ్యాసంలో పరిచయం చేయదలచాము.

బోసు 1858 నవంబరు 30న తూర్పు బెంగాలులోని మైమెన్‌సింగ్‌లో జన్మించారు. తండ్రి భగవాన్ చంద్ర బోసు ప్రభుత్వోద్యోగి. ఆ హోదాగలవారు పిల్లలను ఇంగ్లీషు బడికి పంపుతున్న రోజులలో, ముందుగా మాతృభాష రావాలని ఆయన కుమారుని బెంగాలీ పాఠశాలలో చేర్చారు. అక్కడ బాలుని కుడి ప్రక్కన తండ్రివద్ద పనిచేసే ముస్లిం బంట్రోతు కుమారుడు, ఎడమ ప్రక్కన ఒక జాలరి కుమారుడు కూర్చునేవారు. జలచరాలను గురించి, పక్షులను గురించి వారు చెప్పిన కథలే ప్రకృతి పరిశోధనపట్ల తనకు ఆసక్తి కలిగించాయని బోసు పెద్దవాడైన పిమ్మట స్మరించుకున్నారు.

కలకత్తా సెయింట్ జేవియర్ కళాశాలలో ఫాదర్ లఫాం వద్దను, కేంబ్రిడ్జిలో లార్డ్ రేలీ వద్దను భౌతికశాస్త్రం అభ్యసించి, బోసు 1885లో ప్రెసిడెన్సీ కళాశాలలో అధ్యాపకులైనారు. నాడు ఒకే పనికి ఆంగ్లేయునికి ఒక జీతం, భారతీయునికి అంతకు తక్కువ జీతం. ఈ అన్యాయానికి ఆయన ఎంచుకున్న సమాధానం విచిత్రమైనది. మూడు సంవత్సరాలు జీతం ముట్టకుండా, ఒక్క పాఠమైనా మానకుండా బోధించారు. చివరకు ప్రభుత్వమే దిగివచ్చి, తొలినాటినుండి పూర్తి జీతం లెక్కకట్టి ఇచ్చింది. ఆ సొమ్ముతో ఆయన తండ్రి అప్పులు తీర్చారు.

పరిశోధనకు ఆయనకు దొరికినది 24 చదరపు అడుగుల చిన్న గది. పరికరాలు తయారుచేయడానికి తోడు ఒక రేకుపనివాడు. 1894లో ముప్పయ్యారవ పుట్టినరోజునాడు, ఇకపై జీవితాన్ని పరిశోధనకే అంకితం చేయాలని నిశ్చయించుకున్నారు. మరుసటి సంవత్సరమే కలకత్తాలో పదిమంది ఎదుట, గోడలను దాటి వెళ్ళిన తరంగంతో దూరాన గంట మ్రోగించి, తుపాకిమందు పేల్చి చూపారు. ఇతరులు పొడవైన తరంగాలతో పనిచేస్తుండగా, ఆయన 5 మిల్లీమీటర్ల వంటి అతి పొట్టి తరంగాలను సాధించారు. పురి పెట్టిన జనపనార కట్టలు, పుటల నడుమ తగరపు రేకులు పెట్టిన రైల్వే టైంటేబిలు పుస్తకం ఆయన పరికరాలలో కొన్ని.

తరంగాలను పుట్టించడం ఒక ఎత్తు, వాటి రాకను కనిపెట్టడం మరొక ఎత్తు. నాడు ఇందుకు వాడిన సాధనం కోహెరరు. గాజు గొట్టంలో లోహపు రజను నింపి, దానిగుండా విద్యుత్తును పంపేవారు. తరంగం సోకగానే రజను నిరోధం తగ్గి ప్రవాహం పెరిగేది. కాని ప్రతిసారీ గొట్టాన్ని తట్టితేగాని అది మరల సిద్ధమయ్యేది కాదు. బోసు రజనుకు బదులు సన్నని స్ప్రింగులను ప్రక్కప్రక్కన అమర్చి, వాటి ఒత్తిడిని మరతో సవరించారు. వాటిగుండా పోయే ప్రవాహాన్ని వోల్టేజీ ద్వారా అదుపుచేశారు. ఒత్తిడి, వోల్టేజీ రెండూ తగిన స్థాయిలో కుదిరినప్పుడే గ్రాహకం సూక్ష్మతరంగానికి స్పందిస్తుందని గ్రహించారు.

ఆ శోధనలో ఆయన గెలీనా అనే సీసపు ఖనిజాన్ని పరీక్షించారు. మామూలు లోహపు తీగలో వోల్టేజీని రెట్టింపు చేస్తే ప్రవాహమూ రెట్టింపవుతుంది. గెలీనా స్ఫటికపు స్పర్శబిందువు వద్ద ఈ లెక్క తప్పి, ప్రవాహం అంతకు మించి పెరుగుతుంది. తరంగం వోల్టేజీని ఒక క్షణం పెంచి, మరుక్షణం అంతే తగ్గిస్తుంది. తీగలో ఈ రెండూ చెల్లుకు చెల్లు. స్ఫటికంలో మాత్రం పెరుగుదలవల్ల కలిగే లాభం తగ్గుదలవల్ల కలిగే నష్టంకంటె ఎక్కువ. ఆ మిగులే గాల్వనామీటరు ముల్లును కదిలిస్తుంది. తరంగం ఆగగానే స్ఫటికం తనంతట తానే పూర్వస్థితికి వస్తుంది.

విజ్ఞానాన్ని అమ్ముకోవడం బోసుకు సమ్మతం కాదు. 1901లో లండనులో ఒక టెలిగ్రాఫు కంపెనీ యజమాని లాభంలో వాటా చూపి పిలిచినా ఆయన నిరాకరించారు. సోదరి నివేదిత, సారా బుల్ అనే అమెరికన్ మహిళ పట్టుపట్టగా గెలీనా డిటెక్టరుకు దరఖాస్తు చేయడానికి అంగీకరించారు. 1904 మార్చి 29న 755840 సంఖ్యతో అమెరికా పేటెంటు లభించింది. దానినుండి ధనం ఆర్జించే యత్నం ఆయన చేయలేదు. 1906లో డన్‌వుడి కార్బొరండం డిటెక్టరుకు, పికార్డ్ సిలికాన్ డిటెక్టరుకు పేటెంట్లు పొందారు. 1909లో నోబెల్ బహుమతి మార్కోనీ, బ్రౌన్‌లకు దక్కింది. అప్పటికి బోసు జీవ నిర్జీవ పదార్థాల స్పందనలవైపు మళ్ళిపోయారు. ఆ సిద్ధాంతాలు శాస్త్రజ్ఞులందరి ఆమోదం పొందలేదు.

1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో బార్డీన్, బ్రాటెన్ జెర్మేనియం స్ఫటికంపై రెండు లోహపు స్పర్శలను ఆనించి మొదటి ట్రాన్సిస్టరును పనిచేయించారు. ట్రాన్సిస్టరు కూడ తగినంత స్థిర విద్యుత్ ప్రవాహం ఇచ్చి సిద్ధంగా ఉంచితేనే చక్కగా పనిచేస్తుంది. ప్రవాహం చాలకపోతే ధ్వని వికృతమవుతుంది, మితిమీరితే ట్రాన్సిస్టరు వేడెక్కి చెడుతుంది. రేడియో తరంగాన్ని పసిగట్టడానికి అర్ధవాహక స్ఫటికాన్ని మొదట వినియోగించినది బోసేనని, 1955లో ఆ శాస్త్ర చరిత్ర వ్రాస్తూ పియర్సన్, బ్రాటెన్ గుర్తించారు. 2012లో అంతర్జాతీయ ఇంజనీర్ల సంస్థ ఐ.ఇ.ఇ.ఇ. ఆయన ప్రెసిడెన్సీ కళాశాల ప్రయోగాలను చారిత్రకమైన మైలురాయిగా ప్రకటించింది.

1917లో బోసు కలకత్తాలో తన పేర పరిశోధనాలయాన్ని స్థాపించి, అక్కడి ఆవిష్కరణలకు పేటెంట్లు తీసుకోరాదని ప్రకటించారు. 1920లో రాయల్ సొసైటీ సభ్యులైనారు. 1937 నవంబరు 23న గిరిడీలో కన్నుమూశారు.

ఈ చరిత్రనుండి లేమిని కీర్తించడం నేర్చుకోరాదని మా అభిప్రాయం. బోసు లేమిని మెచ్చుకోలేదు. సమాన వేతనంకోసం పోరాడారు, సరియైన ప్రయోగశాలకోసం జీవితమంతా తపించి చివరకు తానే కట్టుకున్నారు. అయితే అది వచ్చేవరకు చేతులు ముడుచుకొని కూర్చోలేదు. ఒక డయోడు, రెండు బ్యాటరీలు, ఒక మార్చగల నిరోధం, వోల్టేజీని ప్రవాహాన్ని కొలిచే రెండు మీటర్లు ఉంటే, వంపు తిరిగిన ఆ రేఖను మన విద్యార్థులు కూడ గ్రాఫు కాగితంపై గీయగలరు. ఈ కొద్దిపాటి సామగ్రిని ప్రతి విద్యార్థి చేతికి అందించవలసినదిగా కళాశాల కమిటీ పెద్దలకు మనవి చేస్తున్నాము. అందిన సామగ్రిని బీరువాలో దుమ్ము పట్టనీయకుండుట విద్యార్థుల బాధ్యత.