నరానికి మత్తిచ్చి.. వ్యసనానికి చిక్కి!

రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ల చరిత్రలో మరచిపోలేని పేరు డాక్టర్ విలియం హాల్‌స్టెడ్. 1852లో న్యూయార్క్‌లోని సంపన్న కుటుంబంలో పుట్టారు. వైద్యవిద్య పూర్తయ్యాక యూరప్ వెళ్లి మెలకువలు నేర్చుకున్నారు. తిరిగొచ్చి మంచి సర్జన్‌గా పేరు తెచ్చుకున్నారు.

కొకైన్ చుక్కలతో కన్ను మొద్దుబారుతుందని 1884లో వియన్నా వైద్యుడు కార్ల్ కోలర్ కనుగొన్నారు. హాల్‌స్టెడ్ ఇంకాస్త ముందుకెళ్లారు. నరం పక్కన ఆ మందు ఎక్కిస్తే, ఆ నరం పరిధిలోని భాగమంతా తిమ్మిరెక్కుతుందని నిరూపించారు. రోగి మెలకువగా ఉండగానే నొప్పి తెలియకుండా ఆపరేషన్ చేసే దారి దొరికింది.

అయితే ఈ ప్రయోగాలను ఆయన తన మీద, తోటి డాక్టర్ల మీద చేసుకున్నారు. కొకైన్‌తో వచ్చే ముప్పు అప్పటికి సరిగా తెలియదు. దానికి బానిసై ఆసుపత్రి పాలయ్యారు. ఆ తర్వాత మార్ఫిన్ అలవాటైంది. చాలా ఏళ్లపాటు అది ఆయన్ను వదల్లేదు.

ఆ దశలో మిత్రుడు విలియం వెల్చ్ ఆయన్ను బాల్టిమోర్‌కు పిలిపించుకున్నారు. 1889లో మొదలైన జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో హాల్‌స్టెడ్ మళ్లీ నిలదొక్కుకున్నారు. ఆపరేషన్ గదిలోకి రబ్బరు గ్లౌజులు తెచ్చారు. రొమ్ముతోపాటు ఛాతీ కండరాలు, చంకలోని లింఫు గ్రంథులు తొలగించే ‘రాడికల్ మాస్టెక్టమీ’కి 50 మంది రోగుల ఫలితాలతో 1894లో ప్రాచుర్యం తెచ్చారు. అంత పెద్ద కోతకు పూర్తి మత్తు తప్పదు. 1922లో ఆయన కన్నుమూశాక కూడా దశాబ్దాలపాటు అదే పద్ధతి సాగింది.

తొలిదశ క్యాన్సర్‌లో కణితిని మాత్రమే తీసి రేడియేషన్ ఇచ్చినా ఆయుష్షు తగ్గదని 1985లో అమెరికా పరిశోధకుడు బెర్నార్డ్ ఫిషర్ బృందం చూపింది. కోత చిన్నదయ్యేసరికి హాల్‌స్టెడ్ చూపిన తొలి దారి మళ్లీ అక్కరకొచ్చింది. గుండె, ఊపిరితిత్తుల జబ్బులతో పూర్తి మత్తు తట్టుకోలేని వారిలో కొందరికి ఆ చోటు వరకే మత్తు సూది వేసి, సెలైన్ ద్వారా మగత కలిగించే మందు ఇచ్చి కణితి తీస్తున్నారు. దీన్నే లోకల్ అనస్థీషియా, సెడేషన్ అంటారు. ఇప్పుడు వాడేది కొకైన్ కాదు. వ్యసనం కాని లిగ్నోకైన్ వంటి మందులు. ఆపరేషన్ సాగినంతసేపూ మత్తు డాక్టర్ శ్వాస, నాడి, ఆక్సిజన్ గమనిస్తూనే ఉంటారు.

అందరికీ ఈ పద్ధతి సరిపడదు. కణితి పెద్దదైనా, చంకలో గ్రంథులన్నీ తీయాల్సి వచ్చినా సాధారణంగా పూర్తి మత్తే ఇస్తారు. అందుకే ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ అవసరమైతే పాత జబ్బులు, వాడుతున్న మందులు, పడని మందుల వివరాలన్నీ మత్తు డాక్టర్‌కు ముందే చెప్పండి. ఏ మత్తు మేలో నిర్ణయించేందుకు ఆ వివరాలే ఆధారం.