పసిపిల్లల పళ్ళే ప్రమాణంగా: డాక్టర్ ట్రెండ్లీ డీన్ జీవితం

రోగాన్ని నయం చేసిన వైద్యుణ్ణి లోకం కలకాలం స్మరిస్తుంది. రోగాన్ని కొలిచి చూపిన వైద్యుణ్ణి అంతగా తలచుకోదు. కొలత లేనిదే నివారణకు దారి దొరకదన్న సత్యాన్ని బాలబాలికల దంతాల సాక్షిగా నిరూపించిన డాక్టర్ హెన్రీ ట్రెండ్లీ డీన్ జీవితాన్ని మా విద్యార్థి మిత్రుల ముందుంచుతున్నాము.

డీన్ 1893లో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో జన్మించారు. 1916లో సెయింట్ లూయీ విశ్వవిద్యాలయంలో దంతవైద్య పట్టం పుచ్చుకొని, కొంతకాలం స్వంతంగా వైద్యం సాగించి, 1921లో ప్రభుత్వ ప్రజారోగ్య శాఖలో చేరారు.

అప్పట్లో దంతవైద్యులను ఒక చిక్కు సమస్య వేధిస్తుండేది. కొలరాడో స్ప్రింగ్స్ పట్టణంలో పుట్టి పెరిగిన అనేకుల పళ్ళు గోధుమవన్నె గార పట్టి ఉండేవి. 1901లో అక్కడికి వచ్చిన మెకే అనే దంతవైద్యుడు దీనిని ఏళ్ళ తరబడి పరిశీలించి, ఆ గారపళ్ళు చూపునకు వికారంగా ఉన్నా పుచ్చిపోవడం అరుదని గ్రహించారు. కారణం త్రాగునీటిలోని ఫ్లోరైడేనని 1931లో చర్చిల్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు కనుగొన్నారు. ఆ ఏడే ఈ పరిశోధన భారం డీన్ గారిపై పడింది.

గార ఎక్కువ, తక్కువ అన్న మాటలతో ఆయన తృప్తి చెందలేదు. 1934లో దానిని తరగతులుగా విభజించారు. క్రమంగా గార లేని పంటికి సున్న, మిక్కిలి చెడిన పంటికి 4 వచ్చేటట్లు అంకెలు ఏర్పరచారు. 1942లో సవరించిన ఆ సూచికను పరిశోధకులు ఈనాటికీ వాడుతున్నారు.

తరువాత నాలుగు రాష్ట్రాలలోని 21 పట్టణాలలో, 12 నుండి 14 ఏళ్ళ వయస్సు గల 7,257 మంది పిల్లల నోళ్ళను పరీక్షింపజేశారు. పుచ్చినవి, ఊడినవి, పూడ్చినవి ఎన్ని పళ్ళో లెక్కించి, ఆయా ఊళ్ళ నీటిలోని ఫ్లోరైడుతో పోల్చారు. లీటరుకు ఒక మిల్లిగ్రాము ఉన్నచోట పిప్పిపళ్ళు బాగా తగ్గాయి; వికారమైన గారా కనిపించలేదు. అంతకు మించితే లాభం స్వల్పం, గార అధికం.

ఈ లెక్క ఆధారంగా 1945 జనవరి 25న గ్రాండ్ ర్యాపిడ్స్ నగరపు నీటిలో ఫ్లోరైడు కలిపారు. ప్రపంచంలో ఇట్లా చేసిన మొదటి నగరం అదే. పోలికకై ఫ్లోరైడు కలపకుండా ఉంచిన మస్కేగన్ పట్టణం ఫలితాలను చూచి, గడువు తీరకముందే 1951లో తానూ కలుపుకొన్నది. దానితో పోలిక కొంత దెబ్బతిన్నది. అయినా 11 ఏళ్ళ తరువాత గ్రాండ్ ర్యాపిడ్స్‌లో, ఫ్లోరైడు కలిపిన పిదప పుట్టిన పిల్లలలో దంతక్షయం 60 శాతానికి పైగా తగ్గింది.

1948లో స్థాపితమైన జాతీయ దంత పరిశోధన సంస్థకు డీన్ తొలి డైరెక్టరై 1953 వరకు పనిచేశారు. 1962లో కన్నుమూశారు. ఫ్లోరైడు గల టూత్‌పేస్టులు వ్యాపించిన పిదప, 2015లో అమెరికా ప్రభుత్వం నీటిలో కలిపే మోతాదును లీటరుకు 0.7 మిల్లిగ్రాములకు తగ్గించింది. కొలతను మళ్ళీ మళ్ళీ సరిచూచుకోవడం ఆయన మార్గానికి విరుద్ధం కాదు.

ఈ చరిత్ర మనకు దూరపుది కాదు. ఫ్లోరైడు వల్ల ఎముకలు బిగుసుకుపోయే వ్యాధిని 1937లో వైద్యులు ఆనాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో గుర్తించి ప్రకటించారు. నల్లగొండ పల్లెలలో గారపళ్ళతో, వంగిన కాళ్ళతో ఎన్ని తరాలు బాధపడ్డాయో మనకు తెలియనిది కాదు. పటిక, సున్నం వేసి నీటిలోని ఫ్లోరైడును తగ్గించే పద్ధతికి నల్లగొండ పేరే పెట్టారు. అక్కడ కలుపవలసి వచ్చినదానిని ఇక్కడ తీసివేయవలసి వచ్చింది. ఒకే పదార్థం ఒకచోట మేలు, మరొకచోట కీడు. రెంటినీ వేరుచేసేది కొలతే.

ఏ ఊరి నీరైనా మంచిదో చెడ్డదో ఊహించి చెప్పరాదు, పరీక్షించి చెప్పాలి. పిల్లల నోరు తెరిపించి ఓపికతో ఒక్కొక్క పన్నే లెక్కించిన డీన్ జీవితం నుండి మనం నేర్వవలసిన పాఠం ఇదేనని మా విశ్వాసం.