బెస్సీ స్మిత్ - తొలి రికార్డు

అమెరికా దేశమున ఫిలడెల్ఫియా నగరము చెంతనున్న షారన్ హిల్‌లో ఒక సమాధి ముప్పది రెండు సంవత్సరములకు పైగా పేరు చెక్కిన రాయి లేక పడియుండెను. ఆ మట్టిక్రింద నిద్రించుచున్నది బెస్సీ స్మిత్ అను నల్లజాతి గాయని. ఆమె కంఠము అప్పటికే గ్రామఫోను రికార్డుల మూలమున లక్షలాది జనులకు వినిపించెను. రికార్డు అమ్ముడైనంతగా పాడినామెకు ఫలము దక్కకపోవుట ఎట్లు సంభవించెనో ఆమె తొలి రికార్డు కథ వలననే తెలియుచున్నది.

బెస్సీ టెన్నెసీ రాష్ట్రమునందలి చట్టనూగా పట్టణమున నిరుపేద కుటుంబమున జన్మించెను. ఆమె వివాహపత్రమున జన్మదినము 1894 ఏప్రిల్ 15 అని యున్నది. తండ్రి కూలిపని చేయుచు, మతబోధయు చేసెడివాడు. ఆమెకు ఊహ తెలియకముందే అతడు మరణించెను. బాల్యము గడవకముందే తల్లియు గతించెను. పెద్దక్క వయొలా ఇతరుల బట్టలుతికి పిల్లలను పోషించెను. సోదరుడు ఆండ్రూ గిటారు వాయింపగా బెస్సీ వీథులలో పాడి, ఆడి, బాటసారులు విసరిన నాణెములు ఇంటికి తెచ్చెడిది.

1912లో అన్న క్లారెన్స్ తానున్న సంచార నాటక సమాజమున ఆమెకు చోటు కల్పించెను. అందు మా రైనీ యను పేరుగల గాయని యుండుటచేత బెస్సీని మొదట నాట్యమునకే తీసికొనిరి. క్రమముగా ఆమెయు పాడనారంభించి, అట్లాంటా నాటకశాలలోను దక్షిణ రాష్ట్రములలోని గుడారపు ప్రదర్శనలలోను పేరు గడించెను.

ఆమె పాడినది బ్లూస్. బానిసత్వమునుండి విడివడియు బాధలనుండి విడివడని నల్లవారి బ్రతుకులో పుట్టిన పాట యది. సాధారణముగా చరణమునకు మూడు పాదములు. మొదటి పాదమునే రెండవమారు పాడి, మూడవ పాదమున ముగింపు చెప్పుదురు. మోసగించిన ప్రియుడు, చెరసాల, దొంగసారాయి, వరద, పస్తు - ఇవి దాని విషయములు. స్త్రీ తన కోపమును, కోరికను దాచక చెప్పుట అందలి విశేషము. నల్లజాతిలోనే చదువుకొన్న పెద్దలు పలువురు ఈ పాటలు మోటవని ఈసడించుకొనిరి.

1920లో మామీ స్మిత్ పాడిన బ్లూస్ రికార్డు విశేషముగా అమ్ముడుపోవుటతో కంపెనీలు నల్లజాతి గాయనులకై వెదకసాగినవి. అయినను బెస్సీ కంఠము మరీ మోటుగా నున్నదని కొన్ని కంపెనీలు త్రోసిపుచ్చినవి. చివరకు 1923లో కొలంబియా కంపెనీ అధికారి ఫ్రాంక్ వాకర్ ఆమెను న్యూయార్కునకు రప్పించెను. అప్పటికి రికార్డింగునకు మైక్రోఫోను వాడుకలో లేదు. గాయని పెద్ద బాకా వంటి గొట్టమున కెదురుగా నిలిచి పాడవలెను. ధ్వని తాకిడికి కదలెడు సూది మైనపు పళ్లెముపై గీతలు గీయును. తడబడినచో పళ్లెము వ్యర్థము. ఫిబ్రవరి 15న పలుమార్లు పాడినను ఒక్కటియు పనికిరాలేదు. మరునాడు క్లారెన్స్ విలియమ్స్ పియానో వాయింపగా ‘డౌన్‌హార్టెడ్ బ్లూస్’ అను పాట నిలిచెను. దానిని లవీ ఆస్టిన్‌తో కలిసి రచించిన ఆల్బర్టా హంటర్ అంతకుముందే రికార్డు చేసియుండెను. బెస్సీ తొందరపడక, మాటమాటకు బరువిచ్చి పాడుటతో అది క్రొత్త పాట యైనది. ఆరు నెలలలో సుమారు 7,80,000 ప్రతులు అమ్ముడైనట్లు చెప్పుదురు.

పాటకు ఆమె కూలి 125 డాలర్లు. అందు సగము విలియమ్స్ తీసికొనుచున్నాడని తెలిసి, తాను పెండ్లాడబోవు జాక్ గీతో కలిసి అతని కార్యాలయమునకు పోయి కలహించి, ఆ ఒడంబడికనుండి ఆమె బయటపడెను. తరువాత కంపెనీతో నేరుగా ఒప్పందము కుదిరెను. కాని అమ్మకముపై రాయల్టీ లేదు. లక్ష ప్రతులు పోయినను, వేయి పోయినను ఆమెకు ముట్టునది పాడిన నాటి కూలియే.

అటుపై పదేండ్లలో ఆమె 160 పాటలు రికార్డు చేసెను. 1925లో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ బాకాతో జత కలిపెను. దక్షిణ రాష్ట్రములలో నల్లవారికి బస దొరకుట దుర్లభమగుటచే తన బృందమునకు సొంత రైలుపెట్టె కొనెను. 1927లో కాంకర్డ్ పట్టణమున ముసుగులు ధరించిన క్లూ క్లక్స్ క్లాన్ వారు గుడారము కూల్చవచ్చినప్పుడు, ఆమె తానే ఎదురేగి తిట్టి తరిమినది. 1928లో ‘పూర్ మాన్స్ బ్లూస్’ అను పాటలో ధనికులకు పేదల పక్షమున మనవి చేసెను. 1929లో ఒక చిన్న చలనచిత్రమున నటించెను.

ఆర్థికమాంద్యముతో రికార్డుల గిరాకి పడిపోగా 1931లో కొలంబియా ఆమెను వదలివేసెను. 1933లో జాన్ హామండ్ చివరిసారి రికార్డు చేయించినప్పుడు పాటకు ముట్టినది 37.50 డాలర్లు మాత్రమే.

1937 సెప్టెంబరు 26న మిసిసిపీ రాష్ట్రమున కారు ప్రమాదమున ఆమె మరణించెను. తెల్లవారి ఆసుపత్రి చేర్చుకొననందున మరణించెనని ఒక కథ వ్యాపించెను. అది నిజము కాదని తరువాత తేలినది. ఆమెను క్లార్క్స్‌డేల్‌లోని నల్లవారి ఆసుపత్రికే కొనిపోయిరి. కథ కల్పితమే. ఆసుపత్రులను సైతము రంగునుబట్టి విభజించిన దుర్నీతి మాత్రము కల్పితము కాదు.

అంత్యక్రియలకు వేలాది జనులు వచ్చిరి. సమాధిపై రాయి నిలుపువారు మాత్రము లేకపోయిరి. 1970లో ఆ రాయి వేయించినవారు ఇద్దరు స్త్రీలు: ఆమె పాట విని పాట నేర్చిన జానిస్ జోప్లిన్, బాల్యమున ఆమె యింట పనిచేసిన హువానిటా గ్రీన్. 2002లో అమెరికా జాతీయ గ్రంథాలయము భద్రపరుపదగిన ధ్వనిముద్రణల తొలి పట్టికలో ‘డౌన్‌హార్టెడ్ బ్లూస్’ను చేర్చెను. మోటు కంఠమని ఒకనాడు త్రోసివేయబడిన గొంతు నేడు జాతి సంపదగా నిలిచియున్నది. ఆ సంపదనుండి న్యాయముగా రావలసిన పాలు మాత్రము ఆమెకు బ్రతికియుండగా దక్కలేదు.