కాఫీ పొట్లం మీద పేరు

1988 నవంబరులో హాలెండు దుకాణాల్లోకి ఒక కొత్త కాఫీ పొట్లం వచ్చింది. దాని మీద ఒక ముద్ర, ఆ ముద్రకి ఒక పేరు: మాక్స్ హావెలార్. ఈ కాఫీ పండించిన చిన్న రైతుకి న్యాయమైన ధర ముట్టిందని ఆ ముద్ర హామీ. ఇవాళ పత్తికీ, పామాయిలుకీ, టీకీ, కలపకీ, ఆఖరికి బండ్లలో పోసే మొక్కజొన్న ఇంధనానికీ ఇలాంటి ముద్రలున్నాయి. కానీ మాక్స్ హావెలార్ అనే మనిషి ఎప్పుడూ పుట్టలేదు. 1860లో వచ్చిన ఒక నవలలో నాయకుడు. రాసినాయన తన సొంత కథే ఆ పేరు మీద రాసుకున్నాడు.

ఆయన అసలు పేరు ఎడ్వర్డ్ డౌవెస్ డెక్కర్. 1820లో ఆమ్‌స్టర్‌డాంలో ఓడ కెప్టెన్ ఇంట పుట్టాడు. పద్దెనిమిదేళ్లకి తండ్రి ఓడలోనే బయల్దేరి 1839లో బటావియాలో, అంటే ఇప్పటి జకార్తాలో, దిగి సర్కారు లెక్కల కచేరీలో గుమాస్తాగా చేరాడు. తర్వాత సుమత్రాలో చిన్న అధికారి అయ్యాడు. అక్కడ ఖజానా లెక్క తేలక సస్పెండై, చేతిలో పైసా లేక ఆకలేమిటో చూశాడు.

జావా అప్పుడు డచ్చివాళ్ల ఏలుబడిలో ఉంది. 1830 నుంచి అక్కడ ఒక పద్ధతి పెట్టారు. ఊరి భూమిలో అయిదోవంతు సర్కారు చెప్పిన పంటకే ఇవ్వాలి. చెరకు, నీలిమందు, కాఫీ ఏదైనా సరే, ధర సర్కారుదే. భూమి లేనివాడు ఏడాదిలో 66 రోజులు సర్కారు పంటలో పనిచేయాలి. ఇదంతా కాగితం మీద. నిజంగా గుంజుకున్నది దానికంటే చాలా ఎక్కువ. డచ్చి అధికారికీ, స్థానిక దొరకీ కూడా పంట మీద కమీషను ఉండేది, ఇక ఆపేవాడెవడు? 1849-50లో డెమాక్, గ్రోబోగాన్ ప్రాంతాల్లో వరి పండే నేల మీదే జనం ఆకలితో చచ్చారు. 1850లలో హాలెండు సర్కారు రాబడిలో సుమారు మూడోవంతు ఈ జావా రైతు చెమటే. దాంతోనే వాళ్లు అప్పులు తీర్చుకున్నారు, రైలుదారులు వేసుకున్నారు.

1856 జనవరిలో డెక్కర్‌ని పడమటి జావాలో లెబాక్ అనే జిల్లాకి అసిస్టెంటు రెసిడెంటుగా వేశారు. బీద నేల. అక్కడి రీజెంటు, అంటే స్థానిక దొర, జనం చేత వెట్టి చేయించుకునేవాడు, దున్నపోతుల్ని డబ్బివ్వకుండా తోలుకుపోయేవాడు. వెట్టి అంటే ఏమిటో తెలంగాణలో తాతల నోట విన్నవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. దున్నపోతు పోతే ఆ ఏడు సేద్యం పోయినట్టే. డెక్కర్ పాత దస్త్రాలు తిరగేశాడు. తనకి ముందు ఆ కుర్చీలో ఉన్నాయన కూడా ఇదే సంగతి రాసి ఉన్నాడు, ఆ మధ్యే చనిపోయాడు. విషం పెట్టారని ఆయన భార్య అనుమానం, అది రుజువు కాలేదు. వచ్చిన నెలకే డెక్కర్ రీజెంటు మీద ఫిర్యాదు పంపాడు. పై అధికారి ఒప్పుకోలేదు. గవర్నర్ జనరల్ ఆయన్నే మందలించి వేరే చోటికి బదిలీ వేశాడు. డెక్కర్ రాజీనామా విసిరాడు. మూడు నెలలు నిండకముందే ఉద్యోగం పోయింది. తర్వాత విచారణ జరిగింది. కింది నాయకులు కొందరికి పదవులు పోయాయి, రీజెంటు మాత్రం మందలింపుతో బయటపడ్డాడు. మనకి ఇది కొత్తా?

1859లో బ్రస్సెల్స్‌లో ఒక చవక గదిలో కూర్చుని కొద్ది వారాల్లోనే నవల రాశాడు. ముల్తాతులి అని కలం పేరు పెట్టుకున్నాడు, చాలా భరించినవాడు అని అర్థం. ఆయన్ని దేవుణ్ణి చేయకూడదు. జూదగాడు, పెళ్లాం బిడ్డల్ని కష్టాలపాలు చేశాడు. మంచి పదవిస్తే పుస్తకం వేయకుండా ఉంటానని బేరం కూడా పెట్టాడు, అది కుదరలేదు. డచ్చివాళ్లు జావా వదిలి పోవాలని ఆయన ఎన్నడూ అనలేదు, న్యాయంగా ఏలమన్నాడు, అంతే.

అచ్చుకి పూనుకున్నది వాన్ లెన్నెప్ అనే పెద్దమనిషి. ఆయన చేసిన పని గట్టిగా గుర్తుంచుకోవాలి. పుస్తకంలో ఊళ్ల పేర్లు, తేదీలు ఉన్నచోటల్లా తీసేసి చుక్కలు పెట్టించాడు. సామాన్యుడు కొనలేని ధర వేయించాడు. డెక్కర్ కోర్టుకెళ్లి ఓడిపోయాడు. కథ చదివి హాలెండు అదిరింది, కన్నీళ్లు పెట్టుకుంది. కానీ ఏ ఊళ్లో, ఏ ఏడు, ఎవరి దున్నపోతు పోయిందో చదివినవాళ్లకి తెలియలేదు. మస్టర్లో పేరు కొట్టేస్తే చేసిన పని ఏమవుతుందో మనకి తెలుసు కదా. 1875 ముద్రణ దాకా ఆ చుక్కల స్థానంలో పేర్లు తిరిగి రాలేదు.

1870 చట్టాలతో నిర్బంధ సాగు మెల్లగా తగ్గింది. లాభపడింది ఎక్కువగా ప్రయివేటు తోటల కంపెనీలు. కాఫీ నిర్బంధం అయితే ఇరవయ్యో శతాబ్దంలోకి కూడా సాగింది. డెక్కర్ 1887లో జర్మనీలో చనిపోయాడు.

నూరేళ్ల తర్వాత ఆయన నాయకుడి పేరు ముద్రకెక్కింది. మెక్సికోలో వహాకా కొండల కాఫీ రైతుల సంఘమూ, వాళ్లతో పనిచేసిన డచ్చి పాద్రీ ఫ్రాన్స్ వాన్ డెర్ హోఫ్, హాలెండులో నికో రోజెన్ కలిసి దాన్ని తెచ్చారు. కనీస ధర, పైన కొంత అదనపు సొమ్ము, సరుకు ఎక్కడి నుంచి వచ్చిందో దస్త్రం, దానికి తనిఖీ. ఆ మరుసటేడే, 1989లో, దేశాల మధ్య కాఫీ ఒప్పందం కూలి ధరలు సగానికి పడిపోయాయి. అప్పుడు ఆ కనీస ధర సంఘం రైతుకి నిజంగానే ఆసరా అయింది. ఇది కాదనను.

అయితే రైతు దగ్గర కూలికెళ్లేవాడి సంగతేమిటి? 2014లో లండన్‌లోని సోయాస్ విద్యాలయం పరిశోధకులు ఇథియోపియా, ఉగాండాల్లో చూసి, న్యాయ వర్తకం ముద్ర ఉన్న ప్రాంతాల్లో కూలీల బతుకు బాగుపడలేదనీ, కొన్నిచోట్ల కూలి రేట్లు ఇతర చోట్లకంటే తక్కువేననీ రాశారు. ముద్ర వేసే సంస్థ ఆ లెక్కల పద్ధతి సరికాదంది.

ఒకసారి పత్తి చేలో నేను కళ్లారా చూశాను. తనిఖీ అని ఒకాయన కారులో వచ్చాడు. రైతుని మందుల వివరాలడిగాడు, డబ్బాలు ఎక్కడ పారేస్తున్నావన్నాడు, ఫోటో తీశాడు, సంతకం తీసుకున్నాడు. గట్టు మీద పదకొండు మంది ఆడవాళ్లు సద్ది మూటలు విప్పుకుని కూర్చున్నారు. కిలోకి ఎంతిస్తున్నారమ్మా అని ఒక్క మాట అడగలేదు. ఆయన కాగితంలో పత్తి తీసినవాళ్ల పేర్లు రాసుకోవడానికి గడే లేదు.