మైకేల్ స్టీఫెల్

బీజగణితమునందలి ఘాతాంక సూత్రములను విద్యార్థులు కంఠస్థము చేయుచుందురు. ఆ సూత్రములకు త్రోవ చూపినవారిలో మైకేల్ స్టీఫెల్ ముఖ్యుడు. ఇతడు సుమారు 1487వ సంవత్సరమున జర్మనీ దేశములోని ఎస్లింగెన్ పట్టణమునందు జన్మించెను. మొదట అగస్టీను మఠమున సన్న్యాసియై, పిమ్మట మార్టిన్ లూథరు పక్షమున చేరి, 1528లో లోఖౌ అను ఊర బోధకుడయ్యెను.

స్టీఫెలునకు సంఖ్యలయందు మిక్కిలి మక్కువ. అక్షరములకు సంఖ్యల విలువ కట్టి, బైబిలు వాక్యములను లెక్కించి, 1533 అక్టోబరు 19వ తేది ఉదయము 8 గంటలకు లోకాంతము సంభవించునని ప్రకటించెను. లూథరు వారించినను వినలేదు. జనులు పనులు మాని కాచుకొనియుండిరి. ఆ గడియ వచ్చెను, పోయెను. లోకము యథాప్రకారము నిలిచియుండెను. స్టీఫెలు నిర్బంధింపబడి ఉద్యోగమును పోగొట్టుకొనెను. లూథరు మొదలగువారి సాయమున 1535లో హోల్ట్స్‌డార్ఫు గ్రామమున మరల బోధకుడయ్యెను.

అటుపిమ్మట విట్టెన్‌బర్గునందు గణితమును క్రమముగ అభ్యసించి, 1544లో అరిత్మెటికా ఇంటెగ్రా అను లాటిను గ్రంథమును ప్రకటించెను. అందు 0, 1, 2, 3, 4, 5 మొదలగు సంఖ్యలను ఒక వరుసగను, వాని క్రింద 1, 2, 4, 8, 16, 32 మొదలగువానిని వేరొక వరుసగను ఉంచెను. క్రింది 4ను 8చే గుణించిన 32 వచ్చును. వానిపైనున్న 2ను 3ను కూడిన 5 వచ్చును. ఆ 5 క్రిందనే 32 కలదు. క్రింద గుణకారమైన పైన సంకలనము. క్రింద భాగహారమైన పైన వ్యవకలనము. వరుసను ఎడమకు సాగించి –1, –2, –3 క్రింద 1/2, 1/4, 1/8 ఉంచెను. పై సంఖ్యలకు ఎక్స్‌పోనెంటు అను పేరిడినవాడును ఇతడే. అక్షరము పైని చిన్న అంకె వేయు నేటి పద్ధతి 1637లో ప్రకటింపబడిన డేకార్టు గ్రంథమువలన వ్యాపించెను.

అక్షరసంఖ్యల మోజు స్టీఫెలును పూర్తిగ విడువలేదు. 1553లో మరల అట్టి గ్రంథమొకటి వెలువరించెను. కడపట యేనా నగరమున గణితము బోధించి, 1567 ఏప్రిల్ 19వ తేదిన మరణించెను.

విద్యార్థులారా! తాను కోరిన ఫలమునకై సంఖ్యలను లాగినపుడు ఇతడు నగుబాటు పొందెను. సంఖ్యల క్రమమును ఓపికతో పరిశీలించినపుడు లోకమునకు ఉపకారము చేసెను. 2 యొక్క రెండవ ఘాతమును మూడవ ఘాతముచే గుణించునపుడు ఘాతాంకములను గుణించి 6 అనుకొన్నచో 64 వచ్చును, అది తప్పు. సంశయము కలిగినపుడెల్ల ఊహింపక, ఆ రెండు వరుసలను వ్రాసి చూడుడు. సూత్రము మీకు మీరే కనుగొనగలరు.